జాతీయ ఉద్యానవనాలలో సందర్శకుల రద్దీ – నియంత్రణ మార్గాలు: ఉస్మానియా ప్రాంగణం, తార్నాక ప్రాంత అనుభవం

(ప్రత్యేక వ్యాసం)

హైదరాబాద్: నగర పరిధిలోను, నగర శివార్లలోను మూడు జాతీయ ఉద్యానవనాలు కలిగి ఉండడం హైదరాబాద్‌కు దక్కిన అరుదైన విశేషం. వన్యప్రాణుల రక్షణ కొరకు ఏర్పాటైన ఈ వనాలు కాలక్రమేణ నగరవాసుల ఆరోగ్య కేంద్రాలుగా కూడా మారినవి. తెల్లవారక ముందే ద్వారాల వద్ద బారులు తీరే వాకర్లు, సెలవు దినాలలో కుటుంబ సమేతంగా వచ్చే సందర్శకులు, రహదారికి ఇరువైపులా నిలిచే వాహనాలు నేడు సర్వసాధారణ దృశ్యాలు. వనాలపై ప్రజలకు గల ఈ ఆదరణ హర్షించదగినదే. అయితే అదే ఆదరణ పరిమితి దాటినచో వనానికి చేటు తెచ్చే ప్రమాదం ఉన్నది.

రద్దీ నియంత్రణ అనగానే ద్వారాలు, టికెట్లు, కాపలాదారులు గుర్తుకు రావడం సహజం. కాని ఉద్యానవన ద్వారం వద్ద కనిపించే రద్దీకి మూలం చాలావరకు ద్వారానికి వెలుపల, నగరవాసి నివసించే కాలనీలో ఉన్నది. ఇంటికి చేరువలో చెట్ల నీడన నడిచే చోటు ఉన్నవాడు ప్రతిదినం జాతీయ ఉద్యానవనానికి పోవలసిన అవసరం లేదు. నగర తూర్పు భాగంలో తార్నాక, హబ్సిగూడ, సీతాఫల్‌మండి, విద్యానగర్ వాసులకు ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం దశాబ్దాలుగా అట్టి సౌకర్యాన్ని కల్పిస్తున్నది. ఆ ప్రాంగణం అనుభవం ఉద్యానవనాల నిర్వహణకు కూడా కొన్ని పాఠాలు నేర్పుతున్నది.

మూడు వనాలు – మూడు నేపథ్యాలు

వనస్థలిపురం సమీపంలోని మహావీర్ హరిణ వనస్థలి పూర్వం నిజాం ప్రభువుల వేట మైదానం. వర్ధమాన మహావీరుని 2500వ నిర్వాణ వత్సరాన్ని పురస్కరించుకొని 1975లో ఆ పేరుతో ఇది వన్యప్రాణి సంరక్షణ కేంద్రంగా రూపొందినది. 1994లో జాతీయ ఉద్యానవన హోదా పొందినది. దీని విస్తీర్ణం 14.59 చదరపు కిలోమీటర్లు. కృష్ణజింకలకు ఇది ప్రధాన ఆశ్రయం.

చిల్కూరు వద్ద గల మృగవని జాతీయ ఉద్యానవనం కూడా 1994లోనే ఏర్పాటైనది. దీని విస్తీర్ణం సుమారు 3.6 చదరపు కిలోమీటర్లు.

బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ మధ్య గల కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం 1998లో ప్రకటించబడినది. నిజాం వారసుల చిరాన్ ప్యాలెస్ ఆవరణ ఇందులో భాగం. మాజీ ముఖ్యమంత్రి పేరు పెట్టబడిన ఈ వనం విస్తీర్ణం సుమారు 142.5 హెక్టార్లు మాత్రమే. ఇతర రెండు వనాల కంటె చిన్నదైన ఈ వనమే నగర నడిబొడ్డున ఉన్నందున అధిక రద్దీని భరిస్తున్నది. నెమళ్లు, అడవిపిల్లులు, ముళ్లపందులు, పునుగుపిల్లులు, అలుగులు ఈ వనంలో నమోదైన జీవులలో కొన్ని.

ఈ మూడింటిని పోల్చిచూచినచో ఒక విషయం స్పష్టమగును. సందర్శకుల సంఖ్యను నిర్ణయించేది వన విస్తీర్ణం కాదు, నివాస ప్రాంతాలకు గల సామీప్యం. అందువలన అతి చిన్న వనానికే అతి పెద్ద భారం సంక్రమించినది.

చట్టం ఏమి చెప్పుచున్నది

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 35వ సెక్షన్ ప్రకారం జాతీయ ఉద్యానవనాలు ప్రకటించబడతాయి. సంరక్షణ కేంద్రాలలో ప్రవేశానికి సంబంధించిన 27, 28 సెక్షన్లు జాతీయ ఉద్యానవనాలకు కూడా వర్తించును. 28వ సెక్షన్ ప్రకారం అధ్యయనం, ఛాయాచిత్రణం, శాస్త్రీయ పరిశోధన, పర్యాటకం వంటి పనుల నిమిత్తం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ప్రవేశానుమతి మంజూరు చేయవచ్చును. అనగా, చట్టం దృష్టిలో జాతీయ ఉద్యానవన ప్రవేశం అనుమతితో లభించే సౌకర్యమే తప్ప, ప్రజాపార్కులో వలె నిరాటంకమైన హక్కు కాదు. సంరక్షిత ప్రాంతంలో జంతువులను వేధించడం, చెత్త వేయడం 27వ సెక్షన్‌లోనే నిషేధించబడినవి. నెమలికి తినుబండారం విసిరి ఫోటో తీసుకొనుట, ఖాళీ సీసాను పొదలోకి విసరుట చిన్న పొరపాట్లుగా కనిపించినను అవి చట్ట పరిధిలోకి వచ్చే విషయాలని సందర్శకులు గుర్తించవలసి ఉన్నది.

వనం వెలుపలి ప్రాంతానికి సంబంధించి పర్యావరణ సున్నిత మండలం నిబంధనలు వర్తించును. కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం చుట్టూ ఈ మండలాన్ని 3 మీటర్ల నుండి 29.8 మీటర్ల వరకు నిర్ణయిస్తూ కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2020లో తుది నోటిఫికేషన్ జారీ చేసినది. నగర రహదారికి, వన సరిహద్దుకు మధ్య గల ఎడం ఎంత స్వల్పమో ఈ అంకెలే తెలుపుచున్నవి. ద్వారం వద్ద నిలిచే వాహనాల పొగ, హారన్ల మోత ఆ కొద్దిపాటి దూరాన్ని దాటి లోపలికి చేరడానికి ఎంతో సేపు పట్టదు.

రద్దీని కొలిచే విధానం

రద్దీ అనునది మూడు విధములు. ఒక రోజులో వచ్చే మొత్తం సందర్శకుల సంఖ్య మొదటిది. ఒకే గంటలో వచ్చే వారి సంఖ్య రెండవది. వనంలో ఒకే చోట గుమికూడే వారి సంఖ్య మూడవది. వార్షిక నివేదికలలో సాధారణంగా మొదటి సంఖ్యయే కనిపించును. వన్యప్రాణులకు ఇబ్బంది కలిగించేవి మాత్రం ఎక్కువగా రెండవ, మూడవ సంఖ్యలు. ఉదయం మూడు గంటల వ్యవధిలో వచ్చే వెయ్యి మంది, పగలంతా విడివిడిగా వచ్చే వెయ్యి మంది లెక్కలో సమానమే అయినను, వనంపై పడే ఒత్తిడి సమానం కాదు.

పాసుల విధానంలో మరొక చిక్కు ఉన్నది. నెలవారీ లేదా వార్షిక పాసు కొన్న వ్యక్తి ఆదాయ లెక్కలలో ఒక్కసారి మాత్రమే నమోదగును. అతడు సంవత్సరంలో 300 రోజులు వచ్చినను టికెట్ల పుస్తకంలో ఆ విషయం కనిపించదు. కావున టికెట్ల అమ్మకమును బట్టి రద్దీని అంచనా వేయుట సరికాదు. ద్వారం వద్ద గంటల వారీగా తలల లెక్క తీయుట అవసరం.

వనం భరించగల సందర్శకుల సంఖ్యను ధారణ సామర్థ్యం అని వ్యవహరిస్తారు. సుప్రీం కోర్టు ఆదేశాల నేపథ్యంలో జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ 2012 అక్టోబరులో జారీ చేసిన మార్గదర్శకాలలో దీనిని మూడు దశలలో లెక్కించే పద్ధతి వివరించబడినది. పులుల అభయారణ్యాలలో కీలక ప్రాంతం మొత్తంలో 20 శాతానికి మించి పర్యాటకానికి వినియోగించరాదని కూడా అవి నిర్దేశించినవి. ఆ మార్గదర్శకాలు పులుల అభయారణ్యాల కొరకు ఉద్దేశించినవైనను, లెక్కించే పద్ధతి ఏ వనానికైనను ఉపయోగపడును.

ఆ పద్ధతిని అర్థం చేసుకొనుటకు ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకొనవచ్చును. ఒక వనంలో 1 కిలోమీటరు కాలిబాట ఉన్నదనుకొందము. ఒక్కొక్కరికి 10 మీటర్ల ఎడం అవసరమైనచో ఒకేసారి 100 మంది నడువవచ్చును. వనం రోజుకు 6 గంటలు తెరిచి ఉండి, ఒక్కొక్కరు గంటసేపు గడిపినచో రోజుకు 600 మంది రావచ్చును. ఇది భౌతిక సామర్థ్యం. పక్షులు గూడు కట్టే కాలం, వర్షానికి బాట చిత్తడి కావడం, ఎండ తీవ్రత వంటి కారణాలను బట్టి ఈ సంఖ్యను తగ్గించవలెను. అట్టి కారణాల వలన 60 శాతం తగ్గించవలసి వచ్చినచో మిగిలేది 240. ఇది వాస్తవ సామర్థ్యం. కావలసిన సిబ్బందిలో సగం మందే ఉన్నచో పర్యవేక్షించగలిగేది 120 మందిని మాత్రమే. ఇది ఆచరణ సామర్థ్యం. 600తో మొదలైన లెక్క 120 వద్ద ఆగినది. సిబ్బంది ఖాళీల భర్తీ కూడా రద్దీ నియంత్రణలో భాగమేనని ఈ లెక్క సూచించుచున్నది.

ఇతర ప్రాంతాల అనుభవాలు

రద్దీ నియంత్రణకు ప్రపంచవ్యాప్తంగా అనుసరిస్తున్న మార్గాలు ప్రధానంగా నాలుగు. అవి వాహనాలను వెలుపలనే నిలుపుట, ముందస్తు రిజర్వేషను, కాలపరిమితులు, ప్రత్యామ్నాయ స్థలాల అభివృద్ధి.

అమెరికాలోని జయాన్ జాతీయ ఉద్యానవనంలో 2000 సంవత్సరం నుండి షటిల్ బస్సులు నడుపబడుచున్నవి. బస్సులు నడిచే కాలంలో ప్రధాన లోయలోకి సొంత వాహనాలను అనుమతించరు. అదే వనంలో ఏంజెల్స్ ల్యాండింగ్ అనే ఇరుకైన కొండబాటకు 2022 నుండి లాటరీ పద్ధతిలో అనుమతులు ఇస్తున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కో సమీపంలోని మ్యూర్ వుడ్స్‌లో 2018 జనవరి నుండి కారు నిలుపుటకు గాని, షటిల్ బస్సు ఎక్కుటకు గాని ముందుగా రిజర్వేషను తప్పనిసరి చేయబడినది. ఈ వనంలో నియంత్రించబడినది ప్రధానంగా వాహనమే అనుట గమనార్హం. మనుష్యుల కంటె ముందు వాహనాల సంఖ్యకు పరిమితి విధించినచో సగం సమస్య పరిష్కారమగును.

తెలుగు రాష్ట్రాలలో రద్దీకి భక్తి కూడా తోడైనది. నల్లమల అడవులలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం పరిధిలో గల సలేశ్వరం లోయకు చైత్ర పౌర్ణమి సందర్భంగా అసంఖ్యాకంగా భక్తులు తరలివస్తారు. అటవీశాఖ ఆ కొద్ది దినములకే అనుమతిని పరిమితం చేసి, మిగిలిన కాలంలో లోయను వన్యప్రాణులకు విడిచిపెట్టుచున్నది. శేషాచలం అడవుల మీదుగా తిరుమలకు పోవు అలిపిరి నడకదారిలో 2023 ఆగస్టులో చిరుతపులి దాడిలో ఒక బాలిక మృతి చెందిన విషాదం పాఠకులకు తెలిసినదే. ఆ తరువాత 15 సంవత్సరాల లోపు పిల్లలను మధ్యాహ్నం 2 గంటల అనంతరం నడకదారిలో అనుమతించరాదని తిరుమల తిరుపతి దేవస్థానం నిర్ణయించినది. యాత్రికులు గుంపులుగా నడువవలెనని కూడా సూచించినది. జంతువు సంచరించే వేళను, మనిషి సంచరించే వేళను వేరు చేయుటయే ఈ చర్యల సారాంశం. రద్దీ నియంత్రణ సందర్శకుల ప్రాణరక్షణకు కూడా సంబంధించినదని ఈ సంఘటన తెలిపినది.

ఉస్మానియా ప్రాంగణం – నగర తూర్పు భాగపు ఊపిరి

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో స్థాపించబడినది. తొలుత అద్దె భవనాలలో నడిచిన ఈ విద్యాసంస్థ అడిక్‌మెట్ వద్దకు తరలినది. ప్రఖ్యాత ఆర్ట్స్ కళాశాల భవనం 1939 డిసెంబరులో ప్రారంభమైనది. వెయ్యి ఎకరాలకు పైబడిన ఈ ప్రాంగణంలో కళాశాలలు, వసతి గృహాలు, క్రీడా మైదానాలతో పాటు రాతిగుట్టలు, పొదలు, పాత చెట్లు నేటికీ కలవు. నెమళ్ల కూతలు వసతి గృహాల వరకు వినిపించును.

ప్రాంగణానికి ఆనుకొని ఉన్న తార్నాక ప్రాంతంలో జాతీయ పోషకాహార సంస్థ, భారతీయ రసాయన సాంకేతిక సంస్థ వంటి పరిశోధన సంస్థలు నెలకొన్నవి. ఉద్యోగుల కాలనీలుగా ఆరంభమైన పరిసరాలు క్రమంగా అపార్టుమెంట్లతో నిండిపోయినవి. ఇండ్ల ముందు ఖాళీ స్థలం తగ్గిన కొలది ప్రాంగణపు రహదారులపై నడిచే వారి సంఖ్య పెరిగినది. ఉదయం వేళ ఆర్ట్స్ కళాశాల పరిసరాలలో విశ్రాంత ఉద్యోగులు, గృహిణులు, పోటీ పరీక్షలకు సిద్ధమగు యువకులు, పోలీసు ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షల కొరకు పరుగు సాధన చేయు అభ్యర్థులు కలసి కనిపిస్తారు.

వీరందరు ప్రతిదినం జాతీయ ఉద్యానవనానికి పోవలసి వచ్చినచో వనాల పరిస్థితి ఏమగునో ఊహించుట కష్టం కాదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ సందర్భంగా పార్కులు, వనాలు, విద్యాసంస్థల ప్రాంగణాలు ఏకకాలంలో మూతపడినప్పుడు నడకకు చోటు ఎంత విలువైనదో నగరవాసికి తెలిసివచ్చినది. ఈ దృష్టితో చూచినచో ఉస్మానియా ప్రాంగణం ఏ నోటిఫికేషన్‌లోను లేకున్నను వన సంరక్షణలో పాలుపంచుకొనుచున్నదని చెప్పవచ్చును.

ప్రాంగణానికి గల పరిమితులు

అయితే విశ్వవిద్యాలయం పార్కు కాదు. అది విద్యార్థుల చదువుకు, అధ్యాపకుల పరిశోధనకు ఉద్దేశించిన స్థలం. తార్నాక, విద్యానగర్, అడిక్‌మెట్ మధ్య రాకపోకలు సాగించే వాహనాలకు ప్రాంగణపు రహదారులు చాలాకాలం అడ్డదారిగా ఉపయోగపడినవి. వేగంగా పోవు వాహనాల వలన వాకర్లకు, విద్యార్థులకు సమానంగా ప్రమాదం పొంచి ఉండును. మిగిలిన తినుబండారాలు, ప్లాస్టిక్ సంచులు పొదలలో చేరుట, వీధికుక్కలకు ఆహారం వేయుట వలన నేలపై గూడు కట్టే పక్షులకు ముప్పు వాటిల్లుట జాతీయ ఉద్యానవనాలలోను, ప్రాంగణంలోను సమానంగా కనిపించే సమస్యలు.

ఈ నేపథ్యంలో 2023లో ప్రాంగణంలో నడిచే బయటివారి నుండి నెలకు రూ.200 వినియోగ రుసుము వసూలు చేయాలని విశ్వవిద్యాలయం ప్రతిపాదించినది. భద్రత, పారిశుద్ధ్యం, నిర్వహణ ఖర్చులు విశ్వవిద్యాలయమే భరిస్తున్నందున వినియోగదారులు కొంత పంచుకొనుట న్యాయమని ఒక వాదన. ప్రజాధనంతో నిలిచిన విద్యాసంస్థలో నడకకు రుసుము తగదని, పింఛనుపై బ్రతికే వృద్ధులకు, నిరుద్యోగ యువతకు అది భారమగునని మరొక వాదన. రెండింటిలోను వాస్తవం లేకపోలేదు.

రద్దీ నియంత్రణ దృష్టితో మాత్రం ఒక విషయం పరిశీలించదగినది. నెలవారీ రుసుము ఆదాయం తెచ్చును గాని రద్దీ వేళను మార్చలేదు. ఒకసారి పాసు కొన్నవారు ఆ ఖర్చుకు తగిన ప్రయోజనం పొందుటకు ప్రతిదినం రావడమే సహజం. వారు వచ్చే వేళ కూడా అదే ఉదయపు వేళ. రుసుము వలన ఆగిపోయేది ఎక్కువగా చెల్లించలేని వారు మాత్రమే. కావున రుసుమును నిర్వహణ ఖర్చుకు మార్గంగా భావించవచ్చును గాని, రద్దీకి పరిష్కారంగా భావించరాదు. ఇది జాతీయ ఉద్యానవనాల పాసులకు కూడా వర్తించే సూత్రం.

ఆచరణలో తీసుకొనదగిన చర్యలు

ద్వారాల వద్ద గంటల వారీ లెక్క తీసి, ఆ వివరాలను ఎప్పటికప్పుడు ప్రజలకు తెలియజేయుట మొదటి చర్య. ఏ వేళ రద్దీ తక్కువో ముందుగా తెలిసినచో విశ్రాంత ఉద్యోగుల వంటి వారు స్వచ్ఛందంగా వేళ మార్చుకొనుటకు వీలగును.

వాహనాల నియంత్రణ రెండవది. నాగోలు నుండి అమీర్‌పేట వరకు మెట్రో రైలు మార్గం 2017 నవంబరులో ప్రారంభమైనది. 2019లో ఆ మార్గం పశ్చిమ దిశకు విస్తరించినది. తార్నాక, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ స్టేషన్లు ఒకే మార్గంలో ఉన్నందున తూర్పు ప్రాంత సందర్శకులు కారు లేకుండనే కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానవన పరిసరాలకు చేరవచ్చును. అయితే సూర్యోదయానికి ముందే నడక ప్రారంభించే వారికి రైలు వేళలు అనుకూలించవు. సాయంకాల సందర్శకులకు, సెలవు దినాల కుటుంబాలకు మాత్రం ఇది ఎంతో ఉపయోగకరం.

మూడవది, వనానికి విశ్రాంతి. వర్షాకాలం నెమళ్లు గ్రుడ్లు పెట్టి పొదుగు కాలం. వేసవి కార్చిచ్చుల కాలం, నీటి ఎద్దడి కాలం. ఆయా నెలలలో లోపలి బాటలలో కొన్నింటిని మూసి, వెలుపలి బాటలకు సందర్శకులను మళ్లించుట మేలు.

నాలుగవది, అన్నింటికంటె ముఖ్యమైనది, ప్రత్యామ్నాయాల కల్పన. నగరం చుట్టూ గల అటవీ బ్లాకులలో అటవీశాఖ అర్బన్ ఫారెస్ట్ పార్కులను అభివృద్ధి చేసినది. నారపల్లిలోని భాగ్యనగర్ నందనవనం, గుర్రంగూడలోని సంజీవని వనం, కండ్లకోయలోని ఆక్సిజన్ పార్కు వీటిలో కొన్ని. ఉప్పల్ మీదుగా వరంగల్ రహదారిపై గల నారపల్లి తార్నాక వాసులకు చేరువలోనిదే. సెలవు దినాలలో కుటుంబాలను ఇటువంటి పార్కుల వైపు మళ్లించినచో జాతీయ ఉద్యానవనాలపై ఒత్తిడి తగ్గును. ప్రతిదినపు నడకకు మాత్రం కాలనీ పార్కులు, విద్యాసంస్థల ప్రాంగణాలే శరణ్యం. వాటి నిర్వహణకు అయ్యే ఖర్చును ఒక్క విద్యాసంస్థపైననే మోపకుండా, స్థానిక సంస్థలు కూడా పంచుకొను విధానం రూపొందించుట సమంజసం.

పాత్రికేయులు ఈ అంశంపై వార్తలు వ్రాయునప్పుడు వార్షిక సందర్శకుల సంఖ్యతో తృప్తి చెందక, ఒకే వేళలో ఎందరు ఉన్నారు, ఎన్ని వాహనాలు నిలిచినవి, ఎంతమంది సిబ్బంది ఉన్నారు అను మూడు అంకెలను కోరినచో వాస్తవ చిత్రం వెలుగులోకి వచ్చును. అధికారులు కూడా ఆ మూడు అంకెలను సిద్ధంగా ఉంచుకొనుట శ్రేయస్కరం.

జాతీయ ఉద్యానవనం మొదట వన్యప్రాణుల నివాసం, ఆ తరువాతనే మనుష్యుల విహార స్థలం. విశ్వవిద్యాలయం మొదట విద్యార్థులది, ఆ తరువాతనే వాకర్లది. ఈ వరుసను గౌరవిస్తూ, నగరవాసికి ఇంటి దాపున నాలుగు చెట్ల నీడ కల్పించగలిగిననాడు రెండు చోట్లా రద్దీ దానంతట అదే సర్దుకొనును. కాసు బ్రహ్మానందరెడ్డి వనంలోని నెమలికి దక్కే ప్రశాంతత తార్నాక కాలనీలో నాటి పెంచిన చెట్టుపై కూడా ఆధారపడి ఉన్నదని సంబంధిత శాఖలు, పౌర సంఘాలు, ప్రజలు గుర్తెరిగి సహకరించవలసి ఉన్నది.